కంపెనీ పేరు, ఊరి మాట

పెద్ద కంపెనీలు తమ్ము గూర్చి జనులేమనుకొనుచున్నారో తెలిసికొనుటకు ప్రత్యేకముగా మనుష్యులను నియోగించి, ధనము వెచ్చించి, ప్రశ్నపత్రములు నింపించుట నేడు పట్టణములలో సాధారణ విషయమైనది. సబ్బులు అమ్మువారును, బ్యాంకులు నడుపువారును, సెల్‌ఫోను కంపెనీలవారును, తుదకు వైద్యశాలల యజమానులును ఈ పని చేయించుచున్నారు. వచ్చిన అంకెలను బట్టి ప్రకటనల రంగు మార్చుదురు, మాట మార్చుదురు, ఒక్కొక్కప్పుడు సరకును గూడ మార్చుదురు. జనుల మాట వినదలచినవానిని వలదనుటకు మాకు కారణము కనబడదు. కాని మాకొక సందేహము కలదు. బజారులో సబ్బుబిళ్ల కొనువాని అభిప్రాయమునకు ఇంత విలువ కట్టు వ్యాపారలోకము, తన పొగగొట్టపు నీడ ఎవరి పొలముపై పడునో, తన లారీలు ఎవరి బాటను గుంతలు చేయునో, అట్టివారి అభిప్రాయమును ముందుగా ఏల కోరదు? ఈ ప్రశ్నను రాజధానిలోని చల్లని గదులలో గాక మేడిపల్లి వంటి మండలమున నిలిచి అడిగిన, దాని బరువు తెలియునని మా తలంపు.

మేడిపల్లి 2016 అక్టోబరు 11వ తేదీవరకు కరీంనగరము జిల్లాలోనిది. నాటినుండి జగిత్యాల జిల్లాలోనిది. కలెక్టరు కచేరి జగిత్యాలలో నున్నది. శాసనసభ స్థానము మాత్రము సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ. దగ్గరి పట్టణము కోరుట్ల. ఈ ప్రాంతమున వరి, పసుపు, మొక్కజొన్న పండించు రైతులు, అరుగులమీద చేటలు పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు, గల్ఫు దేశములలో కూలికి పోయిన పురుషులు: వీరే జనము. ఇచ్చట 'కంపెనీ' అను మాటకు గల అర్థము చట్టపుస్తకములలో దొరకదు. తునికాకు తూచి యిచ్చునది కంపెనీ. దుబాయిలో కొలువిచ్చునది కంపెనీ. విత్తనపు సంచి అమ్మునది కంపెనీ. 'కంపెనీవాళ్లు వచ్చిండ్రు' అని పిల్లవాడు వచ్చి చెప్పిన, ఏ కంపెనీ, ఎందుకొరకు అని ఇంటి పెద్ద విచారింపక తప్పదు. వచ్చినవారు ఇచ్చుటకు వచ్చిరో, తీసికొనుటకు వచ్చిరో తెలిసిన తర్వాతనే కుర్చీ వేయించును.

అభిప్రాయ గణనమను విద్య అమెరికాలో రూపు దిద్దుకొన్నది. 1935లో జార్జి గాలప్ అనునతడు అందులకై ఒక సంస్థను స్థాపించెను. మరుసటి యేడు అధ్యక్షుని యెన్నిక వచ్చినది. 'లిటరరీ డైజెస్టు' అను వారపత్రిక కోటి కార్డులు పంపి, తిరిగివచ్చిన ఇరువది లక్షలకు పైబడిన జవాబులను లెక్కించి, లాండన్ గెలుచునని చాటినది. గాలప్ అంతకంటె మిక్కిలి తక్కువ మందిని అడిగి రూజ్‌వెల్టు గెలుచునని చెప్పెను. 48 రాష్ట్రములలో 46 రూజ్‌వెల్టు పరమైనవి. పత్రిక ఏల పొరబడినది? ఆ కార్డులు ఎక్కువగా టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి జాబితాలనుండి ఏరిన చిరునామాలకు పోయినవి; పంపినవారిలోను పట్టుదల గలవారే తిరిగి వ్రాసిరి. లక్షలు లెక్కించినను ఒక తెగవారినే లెక్కించినట్లయినది.

మన ఇండ్లలో అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూతురు. ఈ శాస్త్రమంతయు ఆ మెతుకులోనే కలదు. పదిసేర్ల అన్నమైనను, పుట్టెడు అన్నమైనను మెతుకు మెతుకే. కాని పైపొర మెతుకు పట్టి అడుగు ఉడికినదనుకొనిన విస్తరిలో పలుకులు పడును. గరిటెతో కలియబెట్టిన తర్వాత తీసిన మెతుకే సాక్ష్యమిచ్చును. ధాన్యపు మార్కెటులో సంచిలోనికి గొట్టము గుచ్చి గింజలు తీయువాడు గూడ సంచి మూతివద్దనే తీసినచో రైతు గాని, వ్యాపారి గాని ఒప్పుకొనడు. సరిగా కలిపి తీసినచో, వేయిమందిని అడిగి చెప్పిన లెక్క నూటికి మూడుపాళ్లు అటో యిటో తప్ప దూరము పోదని గణితజ్ఞులు నిరూపించిరి. జిల్లా ఎంత పెద్దదైనను ఆ వేయి చాలును. ఈ లెక్క మొదటిసారి విన్నవారికి వింతగా తోచును గాని నిజము.

అట్లయిన మేడిపల్లిలో గరిటె ఎట్లు తిప్పవలెను? పట్టణమునుండి వచ్చిన యువకుడు బస్సు దిగి, హోటలులో చాయ త్రాగుచున్న పదిమందిని అడిగి, సర్పంచి ఇంటిలో ఇద్దరిని అడిగి, సాయంత్రపు బస్సుకు తిరిగిపోయినచో అతడు అడిగినది పురుషులను, అందును తీరిక గల పురుషులను. బీడీ చుట్టు స్త్రీ ఆ హోటలువైపు రాదు. కౌలుదారు ఆ వేళకు మడిలో నుండును. గల్ఫులోనున్న కొడుకు ఫోనులో గాని దొరకడు; అతనికి విరామదినము శుక్రవారము. మరి ఆ యింటిని గూర్చి నిర్ణయములు చేయునది అతడా, అతని తల్లియా, భార్యయా? పట్టా అతని పేర, సాగు ఆమె చేతిలో. ఇట్టి యిండ్లు జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో ఊరూర కలవు. ఇంటి యజమానిని మాత్రమే అడుగుమని ప్రశ్నపత్రముపై వ్రాసి పంపినవాడు ఈ యిండ్లను లెక్కలోనుండి తొలగించినవాడే.

మన పాఠకులలో భూస్వాములు పెక్కురు కలరు గనుక ఇంకొక మాట నిర్మొగమాటముగా చెప్పవలసి యున్నది. కూలివానిని పటేలుగారి వాకిటిలో నిలిపి అడిగిన ప్రశ్నకు వచ్చునది కూలివాని జవాబు కాదు, పటేలుగారి జవాబు. ఇది ఎవరి దోషమని విచారించుట యిప్పుడు మా పని కాదు. కాని గణన చేయువారికి మన యరుగే దగ్గర, మన మంచమే మెత్తన. మనము చూపిన మర్యాదయే వారి లెక్కను చెరపుచున్నదని గ్రహించి, 'మా యిల్లు తర్వాత చూతువుగాని, ముందు ఆ వాడకు పొమ్ము' అని పంపుట మనకు తగును.

ఇక మర్యాద చేయు ఇంకొక చెరుపు కలదు. ఇంటికి వచ్చిన క్రొత్తవానితో మనవారు కటువుగా మాటాడరు. 'కంపెనీ ఎట్లున్నదమ్మా?' అని అడిగినచో ముసలమ్మ 'మంచిగనే ఉన్నది బిడ్డా' అనును. అడిగినవాడు 'సంతృప్తికరము' అను గడిలో గుర్తు పెట్టుకొనును. అదే ముసలమ్మను 'పోయిన వారము వెయ్యి బీడీలకిచ్చిన ఆకు సరిపోయిందా, నువ్వు చేతి పైసలు పెట్టి కొన్నవా?' అని అడిగినచో గంటసేపు చెప్పును. ఆకు చిరుగులు, తంబాకు తూకము, తిప్పి కొట్టిన బీడీలు, టేకేదారు మాట అన్నియు వచ్చును. కంపెనీ యజమాని ఎవరో, ఎక్కడ నుండునో ఆమె ఎరుగదు. ఆమెకు కంపెనీ యనగా టేకేదారు చేతిలోని తక్కెడ. కనుక ప్రతిష్ఠను కొలువదలచిన కంపెనీ తన పేరును గూర్చి అడుగరాదు. తన చేతను గూర్చి అడుగవలెను. 'మా సేవలలో మీకు మిక్కిలి నచ్చినదేది?' అను ప్రశ్నలో నచ్చనిది చెప్పుటకు తావే లేదు. అట్టి ప్రశ్న వేసి నూటికి తొంబది మంది మెచ్చిరని ప్రకటించుట, అద్దమునకు పసుపు పూసి ముఖమున పసుపున్నదని మురియుట వంటిది.

పాశ్చాత్యుల చరిత్రలోనే ఇందులకొక దృష్టాంతము కలదు. 1942లో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి, జర్మనీలోని ఐ.జి. ఫార్బెన్ సంస్థకు కృత్రిమ రబ్బరు విషయమున నుండిన ఒడంబడికలు అమెరికా సెనేటు విచారణలో బయటపడినవి. యుద్ధకాలము. కంపెనీ దేశద్రోహి యను మాట పుట్టినది. అపుడు ఆ కంపెనీ ఎల్మో రోపర్ అను గణకునిచే జనుల యభిప్రాయము కొలిపించెను. పేరు చెడినదని తెలిసిన పిమ్మట, 1943లో రాయ్ స్ట్రైకర్ అనునతనిని నియమించి, నూనె బావులవద్ద పనిచేయు సామాన్యుల ఛాయాచిత్రములు వేలకొలది తీయించినది. అవి మిక్కిలి అందమైన చిత్రములని నేటికిని చూచినవారందురు. అందమును మేమును కాదనము. అయితే జనులకు కోపము వచ్చినది ఒడంబడికల వలన. చూపినది కూలీల ముఖములు. అడిగిన దానికి చెప్పిన దానికి నడుమనున్న ఈ దూరము నాటినుండి నేటివరకు ఈ వృత్తిని వదలలేదు. మన దేశమున ఎరిక్ డ కోస్టా గారు 1950ల దశకమున అభిప్రాయ గణన సంస్థను నెలకొల్పినది మొదలు ఈ విద్య ఎన్నికలలోను, వ్యాపారములోను వ్యాపించినది. ఎన్నికల గణనకు ఒక పరీక్ష కలదు: ఓట్లు లెక్కించిననాడు తప్పొప్పులు తేలును. కంపెనీ చేయించుకొను గణనకు అట్టి పరీక్ష లేదు. అంకెలు కంపెనీ బీరువాలోనే యుండును. మంచివి మాత్రము పత్రికలకు వచ్చును.

మన ప్రాంతపు అనుభవమునకు వత్తము. మల్లాపూరు మండలములోని ముత్యంపేట చక్కెర కర్మాగారమును ఎరుగనివారు మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములలో లేరు. 1937లో బోధనులో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందినది. ముత్యంపేటది ఆ సంస్థ శాఖ. 2002లో నూటికి 51 వంతులు ప్రైవేటు పరమై, ప్రభుత్వమునకు 49 వంతులు మిగిలినవి. 2015 డిసెంబరులో బోధను, ముత్యంపేట, మెదకు ప్రాంతమున మంబోజిపల్లి మూడును మూతపడినవి. చెరకు రైతులు కొందరు తమ పంటను దూరమున కామారెడ్డి వైపు పంపుకొనిరి. పెక్కురు చెరకునే మానుకొని వరికి మరలిరి. పదుల సంవత్సరములు చెరకు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరిన బాట ఖాళీ అయినది.

ఈ సంస్థ ప్రతిష్ఠ దేనియందుండెను? ప్రకటనలయందు కాదు. కాటావద్ద తూకము నిజమా కాదా, కోతకు అనుమతి చీటీ వేళకు వచ్చునా, తోలిన చెరకునకు పైకము ఎన్ని దినములకు చేతికందును: ఈ సంగతులయందుండెను. కోసిన చెరకు ఒక్క దినము ఆలస్యమైనను ఎండి తూకము తగ్గునని రైతుకు తెలియును, కంపెనీకిని తెలియును. రాజుగారి కాలమున పుట్టి, ప్రభుత్వపు చేతిలో పెరిగిన సంస్థ గనుక జనులు దానిని 'మన ఫ్యాక్టరీ' అనిరి. ఈ 'మన' అను రెండక్షరములకు వెల కట్టి యే గణకుడును చెప్పలేడు. వాటాలు చేతులు మారిన 2002లో రైతుల యభిప్రాయమును నియమముగా, ఊరూర, ఓటువలె అడిగి యుండిన ఏమి చెప్పియుందురో ఊహించుట కష్టము కాదు, అడుగుట జరుగలేదు. 2015లో కర్మాగారములను రైతుల సహకార సంఘములకు అప్పగింతుమను ఆలోచన ప్రభుత్వము చేసినప్పుడు మాత్రము రైతులను అడుగవలసిన అవసరము వచ్చినది. అప్పటికి గాడి తప్పినది. నడచుచున్న మిల్లును గూర్చి అడుగుట వేరు, అప్పులతో నిలిచిన మిల్లును నెత్తికెత్తుకొందువా యని అడుగుట వేరు. 2024లో ఈ మిల్లులను పునరుద్ధరించుట యెట్లో విచారించుటకు ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. ఎవరు తిరిగి తెరచినను, మొదటి గానుగ తిరుగుటకు ముందు చెరకు వేయదలచినవారెందరు, ఏ షరతులపై వేయుదురు, పాత అనుభవములో ఏది మరువలేకున్నారు అని ఇంటింట అడిగి లెక్క తీయించుట యంత్రమునకు నూనె పోయుట వంటి పని. చెరకు లేని చక్కెర మిల్లు ఎంత గొప్ప పేరు పెట్టుకొన్నను రేకుల కొట్టమే.

వినుట వలన పేరు బాగుపడిన సంస్థ యేదైన కలదా యని పాఠకులు అడుగవచ్చును. కలదు, మన రోడ్డు రవాణా సంస్థ. 2019 అక్టోబరు 5న ప్రారంభమై 52 దినములు సాగిన సమ్మె జ్ఞాపకముండును. దాదాపు 48 వేల సిబ్బంది పని మానిరి. బస్సు లేక జనులును, జీతము లేక కార్మికులును పడిన బాధ అటుంచి, సంస్థ నిలుచునా పోవునా యను మాట వచ్చినది. ఆ వెంటనే కరోనా వచ్చి బస్సులను మరల ఆపినది. 2021 సెప్టెంబరులో వి.సి. సజ్జనార్ గారు ఆ సంస్థ అధిపతులైరి. వారు చేసిన పనులలో మిక్కిలి ఖర్చు లేనిది, జనులు మిక్కిలి గమనించినది ఒకటే: సామాన్య ప్రయాణికునివలె బస్సెక్కి చూచుటయు, సామాజిక మాధ్యమమున వచ్చిన మొరలకు బహిరంగముగా బదులిచ్చుటయు. డిపోలలో 'డయల్ యువర్ డీఎం' అని నియమిత దినమున, నియమిత గంటలో డిపో మేనేజరే ఫోను ఎత్తి మాటాడు ఏర్పాటు జరిగినది. ఫలాని ఊరికి ఉదయపు బస్సు రాలేదు, పిల్లలకు బడివేళ తప్పినది అని చెప్పిన మాట చెప్పవలసినవాని చెవినే పడుట సామాన్యము కాదు.

ఇది గణన కాదు, మొర వినుట. రెంటికి భేదము కలదు. ఫోను చేయువాడు ఫోను చేయు స్వభావము గలవాడు. మేడిపల్లి మండలములోని ఒక చిన్న పల్లెనుండి కోరుట్లకు కూరగాయలు తెచ్చు స్త్రీ డిపో మేనేజరుకు ఫోను చేయదు. బస్సు రాకున్న ఆటో ఎక్కును. ఆమె పోగొట్టుకొన్నది సంస్థ లెక్కలో ఎక్కదు. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చిన తర్వాత టిక్కెట్ల లెక్కయే మారిపోయినది. బస్సులో ఎందరెక్కిరో కండక్టరు యంత్రము చెప్పును; ఎక్కలేక రోడ్డుమీద మిగిలినవారెందరో చెప్పదు. ఆ మిగిలినవారిని అడుగుటకే గణన కావలెను. ఆపని బస్సులో కూర్చుండి కాదు, బస్సు వెడలిపోయిన తర్వాత స్టేజీవద్ద నిలుచుండి చేయవలెను.

సిరిసిల్ల వైపున ఇంకొక విచిత్రమైన సంస్థ కలదు. 1970 నుండి అచ్చటి పల్లెలకు విద్యుచ్ఛక్తి నిచ్చు సహకార సంఘము, జనులు 'సెస్' అని పిలుచునది. కరెంటు వాడుకొనువాడే సభ్యుడు. అనగా కొనువాడును, యజమానియు ఒక్కడే. ఇట్టిచోట అభిప్రాయ గణనము అక్కరలేదని తోచును, ఓటే యున్నది గదా. 2022 డిసెంబరు 24న 15 మంది డైరెక్టర్ల యెన్నిక జరిగినప్పుడు రాష్ట్రపు పెద్ద పార్టీలన్నియు జెండాలతో దిగినవి. ఫలితమువలన ఏ పార్టీకి బలమున్నదో తెలిసినది. కాలిన ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని దినములకు బాగై వచ్చుచున్నది, మరమగ్గముల వానికి బిల్లు అర్థమగుచున్నదా, లైనుమనిషి పిలిచిన వచ్చునా అను సంగతులు ఆ పెట్టెలలో లేవు. ఓటు ఒక్క మాట చెప్పును, అదియు అయిదేండ్లకొకసారి. మా యభిప్రాయమున యజమానులే వినియోగదారులైన సంస్థకు గణన ఇతరులకంటె ఎక్కువ అవసరము. ఏలయన యజమానినే అడుగకున్న ఇంకెవరిని అడుగుదురు?

ఇక మిక్కిలి వేడిగా నున్న విషయము. మన చట్టములో 'ప్రజాభిప్రాయ సేకరణ' యను మాట మరియొక అర్థమున స్థిరపడియున్నది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము కొన్ని తరగతుల పరిశ్రమలు పెట్టుటకు ముందు జిల్లా కలెక్టరు గాని, ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహించు బహిరంగ సభ జరుపవలెను. ముప్పది దినముల ముందు ఒక జాతీయ పత్రికలోను, ఒక ప్రాంతీయ భాషాపత్రికలోను ప్రకటింపవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో నుండవలెను. సభ జరిగినంతసేపు వీడియో తీయవలెను. తుదకు చెప్పిన సంగతులను జనుల భాషలో చదివి వినిపింపవలెను. చదువుటకు చక్కగా నున్నది. కాని సభ ప్రారంభించుటకు ఇంతమంది రావలెనను నియమము లేదు, వచ్చినవారెందరైనను సభయే. వద్దనినవారెందరో లెక్కించి దానికి కట్టుబడవలెనను నియమమును లేదు. 2021లో పెట్రోలులో కలుపుటకై ధాన్యమునుండి ఇథనాల్ చేయు కర్మాగారములను ఈ సభ అవసరము లేని తరగతిలో చేర్చిరి. త్వరగా కట్టింపవలెనను తలంపు కేంద్రప్రభుత్వమునకుండెను. నూనెకై విదేశములకు పోవు ధనము మిగులునను వాదమును మేము తేలికగా త్రోసివేయము. స్వదేశీయమగు ఇంధనము కావలసినదే. అయితే త్వర యెవరికి లాభించినది?

మన జిల్లాలోనే వెల్గటూరు మండలమున స్తంభంపల్లివద్ద క్రిభ్కో సంస్థ ఇథనాల్ కర్మాగారము పెట్టునన్న వార్త రాగానే చుట్టుపట్ల పల్లెలవారు వలదని కూర్చుండిరి. క్రిభ్కో రైతుల సహకార సంస్థ. దాని ఎరువు సంచి మన ప్రతి ఇంటిలో నుండును. పేరు లేని సంస్థ కాదు. అయినను ఆ పేరు అక్కడ అక్కరకు రాలేదు. నిర్మలు జిల్లా దిలావర్‌పూరులో 2024 నవంబరు 26న ఇథనాల్ కర్మాగారము వలదని జనులు నిర్మలు–భైంసా రహదారిపై బైఠాయించి రాత్రివరకు కదలలేదు. మరునాడు పనులు నిలిపివేయునట్లు జిల్లా అధికారులు ప్రకటింపవలసి వచ్చెను. అదే నెల 11న వికారాబాదు జిల్లా లగచర్లలో భూసేకరణను గూర్చి అభిప్రాయమడుగ వెళ్లిన అధికారులపై దాడి జరిగినది. దాడిని మేము సమర్థింపము. అయినను అభిప్రాయమడుగుటయే ప్రమాదకరమగు స్థితి ఎట్లు వచ్చినదో ఆలోచింపక తప్పదు. జనుల లెక్కలో అడుగుట యనగా నిర్ణయించిన తర్వాత సంతకము పెట్టించుకొనుట అని యర్థము స్థిరపడిపోయినది. గోడలు లేచిన తర్వాత వచ్చి 'మీ యభిప్రాయమేమి?' అనిన, కట్టిన గోడయే అందులకు జవాబు.

ఈ కర్మాగారములు పెట్టువారి పక్షమున చూచినను లెక్క కష్టము కాదు. కోట్లు పెట్టి తెచ్చిన యంత్రములు రోడ్డుమీది ఒక ధర్నాకు నిలిచిపోయినవి. ఆ కోట్లలో వేయవ వంతు వెచ్చించి, భూమి కొనకముందే, పదిమైళ్ల వలయములోని పల్లెలలో ఇంటికొకరిని ఏరి అడిగియుండిన వారికి తెలిసెడిది ఏమి? నీటిని గూర్చి భయమున్నదని తెలిసెడిది. బోరు ఎంత లోతున తోడుదురో, వాగులోనికి ఏమి విడుతురో ఎవరును చెప్పలేదని తెలిసెడిది. కొలువులు ఊరివారికి వచ్చునా, బీహారునుండి తెత్తురా యని సందేహమున్నదని తెలిసెడిది. వానిలో కొన్నింటికి జవాబు చెప్పవచ్చును. కొన్నింటికి పథకమే మార్చవలసివచ్చును. ఒక్కొక్కచోట మరియొక ఊరు చూచుకొనవలసియు వచ్చును. ఈ మూడవదానికి సిద్ధపడనివాడు అడుగకుండుటయే నయము. వలదని చెప్పు హక్కు లేని ప్రశ్నను మన పల్లెవాడు ప్రశ్నగా భావింపడు.

కంపెనీల చట్టము, 2013, 135వ సెక్షను ప్రకారము పెద్ద కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సంఘసేవకు వెచ్చింపవలెను. ఈ డబ్బుతో కట్టిన బస్సు షెల్టర్లు, నీటి శుద్ధి యంత్రములు కంపెనీ పేరు పెద్ద అక్షరములతో ధరించి అచ్చటచ్చట నిలిచియున్నవి. 2021 నుండి పది కోట్లకు పైబడి వెచ్చింపవలసిన కంపెనీలు కోటి రూపాయలు దాటిన పనుల ఫలితమును ఇతరులచే పరీక్ష చేయింపవలెనని నిబంధన వచ్చినది. ఇదియు పని ముగిసిన తర్వాతి ముచ్చటయే. ఊరికి కావలసినది పశువుల దవాఖానకు మందులా, బడికి ప్రహరీయా అని ముందు అడిగిన పాపమున పోవునా? తాళము వేసిన నీటి యంత్రముపై ఎక్కిన పేరు కీర్తి తెచ్చునా, అపకీర్తి తెచ్చునా అనుట ఆ పేరుగలవారే చూచి చెప్పవలెను.

ఇట్టి గణన ఎవరు చేయవలెను? కంపెనీ జీతగాడు చేయరాదు. గ్రామ రాజకీయములలో తలదూర్చినవాడును చేయరాదు. మన ప్రాంతమున కళాశాలలు కలవు. సంఖ్యాశాస్త్రము చదువు పిల్లలు కలరు. వారికి వలయునది గురువుల పర్యవేక్షణ, దారిఖర్చు. ఊరి పిల్లలు గనుక ఊరి మాట వారికి వచ్చును. 'పర్యావరణ ప్రభావముపై తమ దృక్పథము' అని అడుగక 'ఫ్యాక్టరీ వస్తే నీ బాయి నీళ్లకు ఏమైతదని భయపడుతున్నవు?' అని అడుగుదురు. స్త్రీలను స్త్రీలే అడుగవలెను. ఎవరేమి చెప్పిరో పేర్లు బయటపెట్టరాదు. లెక్క మాత్రము, చేదైనను తీపియైనను, గ్రామపంచాయతీ గోడమీద అంటింపవలెను. దాని ప్రక్కనే కంపెనీవారు ఇందులో ఏది చేయుదుము, ఏది చేయలేము, ఎందులకు చేయలేము అని తెలుగులో వ్రాసి సంతకము పెట్టవలెను. ఏడాది గడచిన పిమ్మట అదే ప్రశ్నలు అదే ఊళ్లలో మరల అడుగవలెను. అపుడు గదా పేరు పెరిగినదో తరిగినదో తెలియుట.

కంపెనీలు దీనికి ఒప్పుకొనునా యని కొందరు నవ్వవచ్చును. ఒప్పుకొననివారు ఒప్పుకొనకుందురు గాక. అట్టివారు మన మండలములకు భూమి వెదకుచు వచ్చినప్పుడు మొదట కలిసికొనునది భూమి గల మనలనే. ఎకరమునకెంత యని వారడుగుదురు. ఆ బేరమునకు కూర్చుండకముందు, 'చుట్టు పల్లెలవారిని అడిగితిరా, అడిగిన లెక్క ఏది, చూపుడు' అని మనము అడుగవచ్చును. కాగితము చూపినచో చదువుదము. లేదన్నచో కోరుట్ల బస్సు ఎన్ని గంటలకో వారికి చెప్పి పంపుదము.